ఒంటరి చదువు – జట్టు చదువు

వార్షిక సంచికకు ఒక వ్యాసం రాసి ఇవ్వమని మీ విద్యార్థి సంఘం మిత్రులు ఇంటికి వచ్చి అడిగినప్పుడు, రిటైరైన లెక్కల మాస్టారు రాసింది ఎవరు చదువుతారు నాయనా అన్నాను. ‘‘మీరు రాయుండ్రి సార్, మేం చదువుతం. గని పనికొచ్చేది రాయుండ్రి’’ అన్నారు. పనికొచ్చేదంటే నాకు తెలిసింది ఒకటే వున్నది. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల నుంచి వచ్చి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలు, తెలివితక్కువవాళ్లు కాకపోయినా, నడుమ ఎందుకు జారిపోతారు, జారిపోకుండా కళాశాల చేయగలిగింది ఏమిటి అన్నది ఆ సంగతి. 2016లోనూ, మళ్లీ 2019లోనూ ఈ జిల్లాలు ముక్కలై కొత్త పేర్లు వచ్చాయి గాని, నేను అలవాటు కొద్దీ పాత పేర్లతోనే రాస్తాను. ఈ రెండు జిల్లాల ప్రభుత్వ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. అంతకు ముందు అటువంటి కళాశాలలోనే బెంచీ మీద కూర్చున్నాను. మొదట ఆ బెంచీ సంగతి చెప్పాలె.

1979లో నేను బి.యస్సీ.లో చేరాను. పదవ తరగతి, ఇంటరు రెండూ తెలుగు మీడియం. బి.యస్సీ. మాత్రం ఇంగ్లీషు మీడియం. మా నాయన నన్ను బస్సెక్కించి, బియ్యం మూట టాపు మీద వేయించి, కండక్టరుతో ‘‘పిలగాన్ని జర జూడు’’ అని చెప్పి పొలానికి వెళ్లిపోయాడు. పట్నంలో ఐదుగురం కలిసి ఒక గది కిరాయకు తీసుకున్నాం. ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక బల్బు, రెండు చాపలు మా ఆస్తి.

మొదటి నెల క్లాసులో ఏం జరుగుతున్నదో నాకు బోధపడలేదు. లెక్కలు రాక కాదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ మా వంటివాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. ప్రమేయం, అవధి, అవిచ్ఛిన్నత, అవకలజం అన్నీ ఆ పుస్తకాల్లో చదువుకున్నవే. కాని మాస్టారు బోర్డు ముందు నిలబడి ‘కంటిన్యుయిటీ’ అంటే, అది మా అవిచ్ఛిన్నతే అని మాకు ఎవరు చెప్పాలె? ‘ఫంక్షన్’ అంటే అప్పటిదాకా మాకు తెలిసింది పెండ్లి, లేకుంటే పుట్టినరోజు. అదృష్టవశాత్తు మా ఐదుగురిలో ఒకడు ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు. వాళ్ల నాయనకు బదిలీ అయినందువల్ల మాతో గదిలో పడ్డాడు. వాని సాయంతో ఒక నోటుబుక్కు పెట్టాం. పేజీ నడుమ గీత కొట్టి ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట. రాత్రి అన్నం తిన్న తర్వాత ఒకడు ఆనాటి పాఠం గట్టిగా చదవాలె. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ మిగతావాళ్లు ఆపాలె. ఆపినవాడు మొద్దు అనుకునే నియమం లేదు. దసరా సెలవుల నాటికి నోటుబుక్కు నిండింది, మాకు క్లాసు వినబడడం మొదలైంది. మేం ఐదుగురం మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసి బయటపడ్డాం. దానికి మా తెలివే కారణమని చాలా కాలం అనుకున్నాను.

మా సెక్షన్లోనే దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు వుండేవాడు. ప్రభుత్వ హాస్టల్లో వుండేవాడు. పేరు రాయను. మాస్టారు ఆరు మెట్లలో చేసిన లెక్కను ఒకసారి అతను నాలుగు మెట్లలో చేసి చూపించాడు. మాటల్లో చెప్పమంటే చెప్పలేకపోయాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మా గదికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ‘‘ఆ నోటుబుక్కు ఒక్క రాత్రికి ఇస్తరా? లేకుంటే రోజూ నేనే వచ్చి కూసుంట’’ అన్నాడు. మాలో ఒకడు ‘‘గది ఇరుకున్నది భయ్, చూస్తున్నవు గదా’’ అన్నాడు. నోటుబుక్కు మాట ఎవరూ ఎత్తలేదు. గది ఇరుకే, అబద్ధం కాదు. కాని మా వూళ్ల నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా ఆ గదిలోనే పట్టేవాళ్లు. తండా పిలగాడు మా కంచాల పక్కన కూర్చోవడం మాకు పట్టలేదు. నేను నోరు విప్పలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత అతను తిరిగి రాలేదు. హాజరు పిలిచేటప్పుడు కొన్నాళ్లు మాస్టారు ఆ నంబరు దగ్గర ఆగేవారు. తర్వాత ఆగడం మానేశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1991లో, ఒక బస్టాండులో అతను నాకు కనిపించాడు. భార్యా, ఇద్దరు పిల్లలూ, మూటలూ, పక్కన మేస్త్రీ. బొంబాయి పోయే జట్టు అది. ‘‘కాలేజీల సారువైనవట గదా’’ అని సంతోషంగా పలకరించాడు. జీతమెంత అని అడిగాడు. పిల్లలెంతమంది అని అడిగాడు. నోటుబుక్కు సంగతి అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బస్సు వచ్చింది.

మా స్టాఫ్ రూములో ఇటువంటి పిల్లల గురించి ఒక మాట వుండేది: ‘‘వాళ్లకు బేస్ లేదండి’’. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా పాలమూరు జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే వున్నది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అదే అన్నిటికన్నా అడుగు. తల్లిదండ్రులకు అక్షరం రాని ఇంటి నుంచి వచ్చిన పిల్ల తన పాఠాన్ని ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది? అయితే ‘బేస్ లేదు’ అన్న తర్వాత మాస్టారు చేయవలసింది ఏమీ మిగలదు. తప్పు బడిది, ఇంటిది, వూరిది అయిపోతుంది. ఆ మాటలోని సుఖం అదే.

ఈ సుఖాన్ని చెడగొట్టిన ఒక పరిశోధన గురించి నేను చాలా ఆలస్యంగా చదివాను. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1970లలో యూరీ ట్రీస్మన్ అనే లెక్కల పరిశోధక విద్యార్థి వుండేవాడు. అక్కడ కలనగణితంలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతుండేవారు, చైనా మూలాల విద్యార్థులు బాగా రాణించేవారు. ఎందుకని ఉపాధ్యాయులను అడిగితే మన స్టాఫ్ రూము జవాబులే వచ్చాయి: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, పేదరికం. ట్రీస్మన్ ఆ జవాబులతో ఆగకుండా, అటు ఇరవై మందినీ ఇటు ఇరవై మందినీ ఎంచుకొని, వాళ్లు ఎక్కడ, ఎప్పుడు, ఎట్లా చదువుతారో ఏడాదిన్నర పాటు వెంట వుండి చూశాడు. నల్లజాతి పిల్లలు సోమరులు కారు. చెప్పిన గంటలన్నీ చదువుతున్నారు. కాని ఇరవై మందిలో పద్దెనిమిది మంది తోటివాళ్లతో కలిసి ఎన్నడూ చదవలేదు. చైనా పిల్లలు మొదట ఎవరి లెక్కలు వాళ్లు చేసుకొని, తర్వాత రాత్రి ఒకచోట చేరి జవాబులు పోల్చుకొని, ఒకరి తప్పు ఒకరు పట్టేవారు. అందరికీ రాని లెక్క ఒకటుంటే, అది నిజంగా కష్టమైన లెక్క అని వాళ్లకు తెలిసేది. ఒంటరిగా చదివేవాడికి మాత్రం రాని ప్రతి లెక్కా తన తెలివితక్కువతనానికి సాక్ష్యంగానే కనబడుతుంది.

ఈ చివరి మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ట్రీస్మన్ తర్వాత చేసిన పని ఇంకా ముఖ్యం. వెనుకబడినవాళ్లకు సులభమైన లెక్కలిచ్చే ‘రెమిడియల్ క్లాసు’ ఆయన పెట్టలేదు. చిన్న చిన్న జట్లు చేసి, మామూలు క్లాసు లెక్కలకన్నా గట్టి లెక్కలిచ్చి, కలిసి కొట్లాడమన్నాడు. పిల్లలు నిలబడ్డారు. మన కళాశాలల్లో రెమిడియల్ క్లాసు అని నోటీసు పెడితే ఎవరు వస్తారో, ఎవరు ముఖం చాటేస్తారో మీకు తెలుసు. ఆ గదిలోకి పోవడమంటే ‘నేను మొద్దును’ అని రిజిస్టరులో సంతకం పెట్టడమే గదా.

ఈ రకమైన ఏర్పాటుకు అమెరికాలో ‘లెర్నింగ్ కమ్యూనిటీ’ అని పేరు. పేరు బరువైనది. మన పిల్లల భాషలో అది కంబైన్డ్ స్టడీయే, కాకపోతే కళాశాల తన పనిగా నెత్తిన వేసుకున్న కంబైన్డ్ స్టడీ. అక్కడ ఇది ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీల్లో నడుస్తున్నది. అవి ఇంటికి దగ్గరగా వుండే రెండేళ్ల కళాశాలలు. ఫీజు తక్కువ, సీటుకు పోటీ వుండదు. పని చేసుకుంటూ చదివేవాళ్లు, ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్టెక్కినవాళ్లు అక్కడికి వస్తారు. మొదటిది 1901లో షికాగో దగ్గర జోలియట్‌లో మొదలైంది. మన దగ్గర ఆ పని చేస్తున్నవి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలే. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956 నుంచి చేస్తున్నది అదే. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఆ గేటు దాకా చేరే పిల్లల్లో ఎక్కువమంది ఈ డిగ్రీ కళాశాలల గుండా నడిచి వచ్చినవాళ్లే. నడుమ జారినవాళ్లు ఆ గేటు చూడరు.

కలిసి చదవడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. జోలియట్ కళాశాల మొదలైన ఆ 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. మన నల్లగొండ జిల్లావాడైన రావిచెట్టు రంగారావు ఇంట్లోనే దాన్ని మొదలుపెట్టారు. అప్పటి విద్యార్థికి మీడియం కష్టం మనకన్నా ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ; 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలోనే. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలన్న ‘గస్తీ నిషాన్ 53’ నెత్తి మీద వుండేది. పుస్తకం పట్టుకొని నలుగురు కూర్చోవడానికి గ్రంథాలయం తప్ప మరో నీడ లేదు. ఆ నీడలోనే ఆంధ్రమహాసభ పెరిగింది. 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1941లో చిలుకూరులో ఆ సభలు జరిగాయంటే, ముందు వూరూరా చదివినవాళ్లూ విన్నవాళ్లూ తయారై వుండబట్టే.

హాస్టళ్లూ అంతే. పాలమూరు ప్రాంతం నుంచి వచ్చి తర్వాత హైదరాబాదు కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి 1918లో రెడ్డి హాస్టలు స్థాపించాడు. ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలు బాధ్యతలు చూస్తూ దాని గ్రంథాలయాన్ని పెంచాడు, 1926లో గోలకొండ పత్రిక తెచ్చాడు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్లో వుండి చదువుకున్నవాడే. పల్లెటూరి పిలగాడు పట్నంలో ఒంటరిగా చచ్చిపోకుండా నలుగురిలో పడితే ఏమవుతాడో చూపించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఈ చరిత్రను మెచ్చుకొని వూరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ హాస్టలు పేరులోనే దాని గడప ఎవరిదో వున్నది. తర్వాత ఇతర కులాలవాళ్లూ ఎవరి హాస్టళ్లు వాళ్లు కట్టుకున్నారు. అంటరానివాళ్లన్న పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదులో వేరే బడులు పెట్టవలసి వచ్చింది. కలిసి చదివే జట్టు ఎంత బలమైనదో, దాని బయట మిగిలినవాడికి అది అంత గట్టి గోడ. 1979లో మా గది చిన్న ఎత్తున అదే చేసింది. మేం ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. నోటుబుక్కు ఇవ్వలేదు, అంతే. కనుక ‘పిల్లలే కలిసి చదువుకుంటారు లెండి, మనమెందుకు’ అనే ప్రిన్సిపాళ్లతో నాకు పేచీ. కలిసి చదువుకోగలిగినవాళ్లు చదువుకుంటారు. జట్టు ఎవరికి దొరకదో వాళ్ల కోసమే కళాశాల పూనుకోవాలె.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు, చేసి చెడిపోతే తెలిసింది. 1990ల చివర పాలమూరు జిల్లాలో ఒక ప్రభుత్వ కళాశాలలో వుండగా, మొదటి సంవత్సరం పిల్లలను ఆరుగురేసి జట్లు కట్టమన్నాను. వాళ్లే కట్టుకున్నారు. కాగితం మీద పేర్లు చూస్తే, ఒక్కో జట్టు ఒక్కో వూరు, ఒక్కో కులం. హాస్టలు పిల్లలు వేరే, గదుల పిల్లలు వేరే, ఆడపిల్లలందరూ ఒక చివర. ఏ జట్టులోనూ పడనివాళ్లు ఏడుగురు మిగిలారు. మా గదినే నేను పదిసార్లు అచ్చు వేయించానన్న మాట.

మరుసటి ఏడు నేనే కలిపి జట్లు వేసి, సాయంత్రం నాలుగింటికి కూర్చోమన్నాను. వారం కూడా నడవలేదు. ఎందుకు నడవలేదో ఒక అమ్మాయి చెప్పింది: ‘‘నాలుగున్నరకు మా బస్సు సార్. అది పోతే ఏడింటికి. ఏడింటి బస్సుకొస్తే రేపటి సంది కాలేజీ బంద్ అంటడు మా నాయన.’’ మన కళాశాలల్లో చాలామంది అప్ అండ్ డౌన్ పిల్లలే. పొద్దున సద్ది కట్టుకొని మొదటి బస్సుకు వస్తారు, సాయంత్రం పరుగెత్తి బస్సు పట్టుకుంటారు. ఆదివారం కైకిలికి పోతారు, పత్తి ఏరే నెలల్లో వారంలో రెండు రోజులు కూడా పోతారు. వాళ్ల చదువు కాలమంతా కళాశాల గంటల్లోనే వుంటుంది, బయట లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు బస్సు చార్జీ లేకుండా పోయింది, అది పెద్ద వూరట. కాని చార్జీ పోయినంత మాత్రాన ఆఖరి బస్సు ఆలస్యంగా రాదు గదా.

మూడవ ఏడు ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన నాకు తోడు నిలిచాడు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా వుంటే అందులో సగం వాటా ఆయనది. ఇద్దరం ప్రిన్సిపాలుగారి దగ్గర కూర్చొని టైంటేబుల్లో వారానికి రెండు గంటలు లెక్కలకూ ఇంగ్లీషుకూ ఉమ్మడిగా రాయించుకున్నాం, పదకొండు నుంచి పన్నెండు దాకా. బస్సు రానివాళ్లు వచ్చేసి, పోయేవాళ్లు ఇంకా పోని సమయం. ఆ గంటలో ఇంగ్లీషు లెక్చరరు పద్యం చెప్పలేదు. మా లెక్కల పుస్తకంలోని పేజీయే ఆయన పాఠం. ‘లెట్’ అంటే ఇక్కడ ‘పోనీ’ అని కాదు, ‘అనుకొందాం’ అని. ‘ఎట్ లీస్ట్’ అంటే అంతకు తక్కువ కాకుండా. ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అంటే రెండు దిక్కులా నిరూపించాలె, ఒక దిక్కు చేసి వూరుకుంటే సగం మార్కులే. ఇవి నిఘంటువులో వెదికితే దొరికేవి కావు. లెక్కలు రానందువల్ల కాదు, ఈ నాలుగైదు చిన్న మాటలు రానందువల్ల పేపరు ఖాళీగా ఇచ్చి పోయిన పిల్లలను నేను ఎందరినో చూశాను.

ప్రతి జట్టుకూ ఒక నోటుబుక్కు, నడుమ గీత. అది ఏ ఒక్కరిదీ కాదు. వారానికొకరు ఇంటికి తీసుకుపోవాలె, సోమవారం తేవాలె. ఒక పెద్ద లెక్క ఇచ్చేవాణ్ణి, ఒంటరిగా ఎవరికీ పూర్తిగా రానిది. జవాబు బోర్డు మీద ఎవరు చెప్పాలో చివరి నిమిషంలో నేను చీటీ తీసేవాణ్ణి. కాబట్టి జట్టులో బాగా వచ్చినవాడు, రానివాడికి నేర్పక తప్పేది కాదు. మొదట్లో గొణుగుడు లేకపోలేదు. ‘వాళ్లతో మాకేంది సార్’ అన్న మాట నా చెవిన పడింది. ఒక తండ్రి వచ్చి తన బిడ్డను మగపిల్లలున్న జట్టులో ఎందుకు వేశావని నిలదీశాడు. ఆయనను ఆ గంట క్లాసులోనే కూర్చోబెట్టాను. బిడ్డ లేచి బోర్డు మీద లెక్క చెప్పింది. ఆయన ఏమీ అనకుండా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ‘‘కానియ్యుండ్రి’’ అన్నాడు.

ఏం ఒరిగింది అని అడుగుతారు. గొప్పలు చెప్పను. అందరూ పాసు కాలేదు. సంక్రాంతి తర్వాత బెంచీలు ముందటి ఏళ్లంత ఖాళీ కాలేదు, అది మాత్రం కళ్లారా చూశాను. ఎవరైనా రెండు రోజులు రాకపోతే జట్టువాళ్లే కబురు పంపేవారు. హాజరు రిజిస్టరు చేయలేని పని అది. మూడేళ్లు నడిచింది. నాకు బదిలీ అయింది, తర్వాత ఆయనకూ అయింది. అంతటితో ఆ గంట టైంటేబుల్ నుంచి పోయింది. ఇద్దరు మనుషుల మీద నిలబడిన పని వాళ్లతోనే పోతుందని అప్పుడు తెలిసింది.

ఈ విషయంలో అమెరికావాళ్ల అనుభవం కూడా కళ్లు నేల మీదనే వుంచి చూడవలసిందే. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో 2003–2005 నడుమ చేరిన సుమారు పదిహేను వందల మందిని చీటీ తీసినట్టు రెండు భాగాలు చేసి పరీక్షించారు. ఒక భాగానికి పాతికమందికి మించని జట్లు; ఇంగ్లీషు, మరో సబ్జెక్టు, కళాశాల పద్ధతులు చెప్పే ఒక చిన్న కోర్సు, మూడూ అదే జట్టుతో. ఆ మాస్టార్లు ముగ్గురూ మాట్లాడుకొని పాఠాలు కలపాలె. పుస్తకాలు కొనుక్కోవడానికి కొంత సాయం. మొదటి సెమిస్టరులో ఆ పిల్లలు ఎక్కువ కోర్సులు పాసయ్యారు, ఇంగ్లీషు గడపను తొందరగా దాటారు. కాని ఏర్పాటు ఒక్క సెమిస్టరుదే గనుక, తర్వాత తేడా పలచబడింది. ఒక్క వానకు చెరువు నిండదని మన రైతుకు చెప్పనక్కరలేదు.

మన దగ్గర ఇప్పుడు దీనికి అడ్డం పడేవీ వున్నాయి, కలిసి వచ్చేవీ వున్నాయి. 2016లో ‘దోస్త్’ ఆన్‌లైన్ ప్రవేశాలు, సెమిస్టరు పద్ధతి, సీబీసీఎస్ ఒక్కసారిగా వచ్చాయి. ఎవరి సబ్జెక్టులు వాళ్లు ఎంచుకోవచ్చు, మంచిదే. కాని దాంతో ఒక క్లాసు అంటూ లేకుండా పోయింది. గంటకొక గదిలో గంటకొక గుంపు. పక్కవాడి వూరు తెలిసేలోపల సెమిస్టరు అయిపోతుంది. వాట్సాప్ గ్రూపు వున్నది గదా సార్ అంటారు. వున్నది, పరీక్ష తేదీలు, ఫీజు గడువు అందులో బాగా తెలుస్తాయి. ‘నాకు ఇది రాలేదు’ అని అందులో రాసిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు.

అదే సీబీసీఎస్‌లో రెండు క్రెడిట్ల నైపుణ్య కోర్సులు కూడా పెట్టారు. అటువంటి గంటలో ఒకదాన్ని మొదటి సంవత్సరం జట్టు చదువుకు రాసిపెట్టవచ్చు. క్రెడిటు వున్నదంటే మాస్టారు బదిలీ అయినా ఆ గంట మిగులుతుంది. ఇక మాస్టార్ల సంగతి. రెండు సబ్జెక్టులవాళ్లు కలిసి కూర్చొని పాఠం కలపాలంటే వారానికి ఒక గంట కావాలె. రెగ్యులర్ ఉద్యోగికి అది పనిగంటల్లో లెక్కకు రాదు, ఇక గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్టు లెక్చరరుకు ఆ గంట పస్తే. మన కళాశాలల్లో చాలా పాఠాలు ఆ గెస్టు లెక్చరర్ల మీదే నడుస్తున్నాయి. వాళ్ల చేత ఉచితంగా చేయించుకొని దానికి ‘సేవ’ అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ గంటకు కూడా డబ్బు కట్టమని కళాశాలలు అడగాలె.

మీరు విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఈ సంచిక చదివేవాళ్లలో చాలామంది ఏదో ఒక డిగ్రీ కళాశాల నుంచి వచ్చినవాళ్లే. మీలో ఎవరి దగ్గరో అటువంటి నోటుబుక్కు వుండే వుంటుంది, గీత కొట్టిందో కొట్టనిదో. నేను వాడిన లెక్కల కాగితాలు నా దగ్గర ఒక పెట్టెడు వున్నాయి, మీ సంఘం మిత్రులు వచ్చి తీసుకుపోవచ్చు. మీరు చదివిన కళాశాలకే పోయి, మొదటి సెమిస్టరు పిల్లలతో వారానికి ఒక గంట కూర్చోవచ్చు. జట్లు మాత్రం వాళ్లను కట్టుకోనివ్వకండి, పేర్లు మీరు చీటీలు వేసి తీయండి. మొదటి సెమిస్టరు టైంటేబుల్ ప్రవేశాలు ముగియగానే వేస్తారు. ప్రిన్సిపాలుగారిని అంతకు ముందే కలవాలె. కలవబోయేముందు బస్టాండుకు పోయి, దేవరకొండకూ అచ్చంపేటకూ మక్తల్‌కూ ఆఖరి బస్సు ఎప్పుడో అడిగి ఒక కాగితం మీద రాసుకొని పోండి.